ఆర్‌సీ మెటీరియల్ ఎట్ల ఎంచుకోవాలె? క్యాట్, క్లాట్, ఐసెట్, జీఆర్ఈ రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి ఎంట్రన్స్‌లు రాసేవాళ్లకు రీడింగ్ కాంప్రహెన్షన్ (ఆర్‌సీ, అంటే ఇంగ్లిష్ ప్యాసేజీ చదివి దాని కింది ప్రశ్నలకు జవాబులు పెట్టడం) మీద ఏటా దాదాపు అవే సందేహాలు వస్తున్నాయి. అందుకే వాటిని ఒక్కచోట పెట్టాం. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## కొనకముందు

సార్, ఆర్‌సీకి ఏ బుక్ బెస్ట్? ఒక్క పేరు చెప్పండి చాలు.

ఏ పరీక్షకో చెప్పకుండా అడిగితే జవాబు లేదు. పేరుకు అన్నీ ఆర్‌సీలే గానీ, పరీక్ష మారితే పని మారుతుంది. ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌లో వెర్బల్ (ఇంగ్లిష్) సెక్షన్‌కు 40 నిమిషాలు, 24 ప్రశ్నలు. అందులో 16 ఆర్‌సీవే: నాలుగు ప్యాసేజీలు, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు. ప్యాసేజీ సుమారు 500 పదాలు. రైటుకు 3 మార్కులు, తప్పుకు 1 పోతుంది. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ యూజీలో పేపరంతా ప్యాసేజీలే. 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. ఇంగ్లిష్ ప్యాసేజీ సుమారు 450 పదాలు ఉంటుంది. రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు పెట్టే ఐసెట్‌లో ఆర్‌సీ కమ్యూనికేషన్ ఎబిలిటీలో ఒక చిన్న ముక్క, పైగా నెగెటివ్ మార్కులు లేవు. విదేశాల్లో పీజీకి రాసే జీఆర్ఈలో ఎక్కువగా ఒక్క పేరా ప్యాసేజీలే, కానీ వాక్యాలు చిక్కగా ఉంటాయి. ముందు మీ పరీక్ష అధికారిక పేపర్లు రెండు తెరిచి పొడవు, ప్రశ్నల తీరు, కోత చూడండి. పుస్తకం వాటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఐసెట్ రాస్తున్న. క్యాట్ లెవెల్ మెటీరియల్ చేస్తే ఇంకా మంచిదే గదా?

అంత అవసరం లేదు. చాలా ఏళ్లు కాకతీయ విశ్వవిద్యాలయమే నిర్వహించిన పరీక్ష ఇది. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు సగటున 45 సెకన్లు. ప్యాసేజీలు తేలిక. ప్రశ్నల్లో చాలావాటికి జవాబు నేరుగా ఏదో ఒక లైన్లో ఉంటుంది. ఇక్కడ కావాల్సింది ఆ లైను తొందరగా పట్టుకోవడం. క్యాట్ ప్యాసేజీలతో అలవాటైనవాళ్లు నాలుగు ఆప్షన్లనూ తూకం వేస్తూ కూర్చుంటారు, రెండు నిమిషాలు పోతాయి. గత ఐదేళ్ల ఐసెట్ పేపర్లలోని ప్యాసేజీలన్నీ టైం పెట్టుకుని చేయండి, ఆర్‌సీకి అది సరిపోతుంది. మిగిలిన సమయం 75 ప్రశ్నలున్న అనలిటికల్‌కు, మరో 75 ఉన్న మ్యాథ్స్‌కు పెట్టండి.

పాత క్యాట్ పేపర్లు ఏ సంవత్సరం నుంచి పనికొస్తయ్?

2017 నుంచి వచ్చినవి ముఖ్యం. 2017, 2018, 2019ల్లో ఏటా రెండు స్లాట్లు (ఒక్కో పూటకు ఒక్కో పేపర్), 2020 నుంచి 2024 దాకా ఏటా మూడు. మొత్తం 21 పేపర్లు, 80కి పైగా ప్యాసేజీలు, అన్నిటికీ అధికారిక కీ ఉంది. ఇంతకు మించిన సరుకు మార్కెట్లో లేదు. 2017–2019 పేపర్లలో వెర్బల్‌కు 34 ప్రశ్నలు, గంట టైం ఉండేది. ప్యాసేజీలు ఇప్పటికీ పనికొస్తాయి, టైం లెక్క మాత్రం ఇప్పటి 40 నిమిషాల ప్రకారం మార్చుకోండి. 2009లో క్యాట్ కంప్యూటర్ మీదికి మారాక కొన్నేళ్లు పేపర్లు బయటికి రాలేదు. ఆ సంవత్సరాల పేరుతో అమ్మేవాటిలో చాలామటుకు ఎవరో గుర్తు తెచ్చుకుని రాసినవే. ఆర్‌సీ ఆప్షన్‌లో ఒక్క మాట మారితే జవాబే మారిపోతుంది. అలాంటి పేపర్ మీద మీ తప్పులు లెక్కపెట్టుకోవద్దు.

జీఆర్ఈ చిన్నదైంది గదా, సీనియర్ దగ్గరున్న పాత పుస్తకం వాడొచ్చా?

వాడొచ్చు. 2023 సెప్టెంబరులో పరీక్ష 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. వెర్బల్ ఇప్పుడు రెండు సెక్షన్లు: 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, 15 ప్రశ్నలకు 23 నిమిషాలు. ప్రశ్నల రకాలు మారలేదు. అందుకని ఈ పరీక్ష నడిపే ఈటీఎస్ వేసిన పాత పుస్తకాల్లోని ప్యాసేజీలు ఇప్పటికీ బంగారమే. ఆ పుస్తకాల్లోని పూర్తి పరీక్షలు మాత్రం పాత లెక్క ప్రకారం ఉంటాయి, వాటితో టైం ప్రాక్టీసు చేయొద్దు. దానికి ఈటీఎస్ సైట్లో ఖాతా తెరిస్తే ఉచితంగా వచ్చే రెండు పవర్‌ప్రెప్ పరీక్షలు వాడండి. "సరైనవన్నీ గుర్తించండి" అనే మూడు ఆప్షన్ల ప్రశ్నలు పుస్తకంలో తగినన్ని ఉన్నాయో లేదో చూడండి. అందులో ఒకటి తప్పినా సున్నానే. బయటి పబ్లిషర్ల పుస్తకాల్లో అవి బాగా తక్కువ.

నాది తెలుగు మీడియం. నేరుగా ఆర్‌సీ మొదలుపెట్టాల్నా, ముందు ఇంగ్లిష్ నేర్చుకోవాల్నా?

ఒక చిన్న కొలత పెట్టుకోండి. మీరు రాయబోయే పరీక్ష ప్యాసేజీలో 100 పదాల ముక్క తీసుకుని తెలియని పదాలకు గీత పెట్టండి. రెండు మూడు వస్తే ఆర్‌సీ మొదలుపెట్టొచ్చు. ఐదారు వస్తే వారానికి మూడు ప్యాసేజీలు చేస్తూ రోజూ అరగంట మామూలు చదువు కలపండి. పది దాటితే ఆరు నుంచి ఎనిమిది వారాలు ప్రశ్నల జోలికి పోవద్దు. ఆ దశలో ఆర్‌సీ చేస్తే నేర్చుకునేది ఊహించడమే.

మామూలు చదువు మీకు ముందే తెలిసిన విషయాలతో మొదలుపెట్టండి. వ్యవసాయం, క్రికెట్, సింగరేణి, రామప్ప గుడి, ఏదైనా సరే. విషయం తెలిసినప్పుడు కొత్త పదం అర్థం చుట్టుపక్కల మాటల నుంచే పట్టుబడుతుంది. ఇంకో సంగతి: ప్రతి వాక్యాన్ని మనసులో తెలుగులోకి మార్చుకోవడం చాలామందికి అలవాటు. దానితో వేగం సగానికి పడిపోతుంది. వాక్యాలను అట్లాగే చదివేసి, పేరా అయ్యాక సారం ఒక్క ముక్కలో తెలుగులో చెప్పుకోండి. అది మంచి అలవాటే.

రోజూ హిందూ ఎడిటోరియల్ చదువుతున్న. అది చాలదా?

చదివే అలవాటుకు చాలు, పరీక్షకు చాలదు. ఎడిటోరియల్ కింద ప్రశ్నలుండవు, మీకు అర్థమైందో లేదో చెప్పేవాళ్లుండరు. పైగా ఎడిటోరియల్ రచయిత తన అభిప్రాయం దాచుకోడు, మొదటి పేరాలోనే చెప్పేస్తాడు. క్యాట్ ప్యాసేజీలో రచయిత ముందు ఇంకొకరి వాదం వినిపించి, మూడో పేరాలో దానికి అడ్డం తిరుగుతాడు. ఆ మలుపు పట్టుకోవడం పొడవైన వ్యాసాలతోనే వస్తుంది. ఈయాన్, స్మిత్‌సోనియన్, ది కాన్వర్సేషన్ లాంటి చోట్ల అవి ఉచితంగా దొరుకుతాయి. వారంలో నాలుగు రోజులు ఎడిటోరియల్, మూడు రోజులు పొడవాటి వ్యాసం అనుకోండి. క్లాట్ వాళ్లకు మాత్రం దినపత్రిక వదలడానికి లేదు, కరెంట్ అఫైర్స్ ప్యాసేజీలకు అది ఎట్లాగూ కావాలి.

## ఎంచుకునేటప్పుడు

షాపులో బుక్ చేతిలో ఉంది. మంచిదో కాదో పదిహేను నిమిషాల్ల ఎట్ల తెలుస్తది?

ముందు అచ్చు సంవత్సరం చూడండి. తర్వాత నడిమధ్య ఒక ప్యాసేజీ తెరిచి లైనుకు ఎన్ని పదాలో, ఎన్ని లైన్లో లెక్కపెట్టండి. లైనుకు 12 పదాలు, 40 లైన్లు అంటే 480. క్యాట్‌కు, క్లాట్‌కు అది సరైన పొడవు. 250 పదాల ప్యాసేజీ కింద పది ప్రశ్నలుంటే అది బ్యాంకు పరీక్షల పుస్తకానికి కొత్త అట్ట వేసిందని అనుకోవచ్చు.

అసలు పరీక్ష ఆ తర్వాత. ప్యాసేజీ చదవకుండా ప్రశ్నలు, ఆప్షన్లు మాత్రమే చదివి 20 ప్రశ్నలకు జవాబులు పెట్టండి. గుడ్డిగా పెడితే 5 రావాలి. 6, 7 వచ్చినా ఫర్వాలేదు. 10 దాటాయంటే తప్పు ఆప్షన్లు బలహీనమని అర్థం. ఏది పెద్దగా ఉందో, ఏది నెమ్మదిగా మాట్లాడుతోందో చూసి చెప్పేయొచ్చన్నమాట. ఆ పుస్తకంతో 90 శాతం తెచ్చుకున్నవాళ్లే అసలు పేపర్లో 40 శాతం దగ్గర ఆగిపోయి, తమకేమైందో అర్థంకాక బాధపడతారు.

చివరగా వెనక వివరణలు చూడండి. "జవాబు సి, రెండో పేరా చూడండి" అని మాత్రమే ఉంటే పుస్తకం అక్కడే పెట్టేయండి.

మంచి ప్రశ్న అంటే ఏంది? నాకు అన్నీ ఒక్క తీరుగనే కొడుతున్నయ్.

మంచి ప్యాసేజీ ఎవరైనా ఎక్కడి నుంచైనా తెచ్చి పెట్టొచ్చు. ఖరీదైన పని తప్పు ఆప్షన్లు తయారుచేయడం. తప్పు ఆప్షన్ చూడగానే నిజంలా ఉండాలి, ప్యాసేజీలోకి వెనక్కి వెళ్లి చూస్తే ఫలానా మాట దగ్గర దొరికిపోవాలి. ఒక చిన్న ఉదాహరణ:

"గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. కాబట్టి ఒక చెరువు పూడికతో నిండితే నష్టం ఆ ఊరితో ఆగదు. పూడిక తీసిన చోట బావుల్లో నీళ్లు పెరిగాయని రైతులు అంటారు. అయితే ఆ పెరుగుదలలో ఆ ఏటి వానల వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం."

ప్రశ్న: రచయిత కింది వాటిలో దేన్ని ఒప్పుకుంటారు?

ఎ. పూడికతీత వల్లనే బావుల్లో నీళ్లు పెరిగాయి.
బి. ఒక చెరువు పాడైతే దాని కింది ఊళ్లకూ దెబ్బ తగలొచ్చు.
సి. ఈ చెరువుల్లో చాలావాటిని కాకతీయుల కాలంలో తవ్వించారు.
డి. పూడికతీతకూ బావుల్లో నీళ్లు పెరగడానికీ సంబంధం లేదు.

జవాబు బి. "నష్టం ఆ ఊరితో ఆగదు" అన్న మాటను వేరే మాటల్లో చెప్పారంతే. మిగతా మూడూ ఎట్లా తప్పో చూడండి. ఎ రైతుల మాటను తెచ్చి రచయిత నోట్లో పెట్టింది, పైగా "వల్లనే" అని బిగించింది. సి వరంగల్ పిల్లలకు వల: పాఖాల, రామప్ప, లక్నవరం తెలిసినవాళ్లు నిజమే కదా అని టిక్కు పెడతారు. నిజమే, కానీ ప్యాసేజీలో ఆ మాట లేదు. డి ఇంకా తెలివైంది. రచయిత "విడదీసి చెప్పడం కష్టం" అన్నాడు, "సంబంధం లేదు" అనలేదు. అనుమానం వేరు, కాదనడం వేరు.

ఇప్పుడు ఇదే ప్యాసేజీ కింద చవకరకం పుస్తకం ఏం అడుగుతుందో ఊహించండి: "పై చెరువు నీళ్లు ఎక్కడికి వెళతాయి?" ఆప్షన్లు: సముద్రానికి, కింది చెరువుకు, బావికి, నదికి. ప్యాసేజీ అదే, ప్రశ్న మారేసరికి నేర్చుకునేది ఏమీ లేకుండా పోయింది. పుస్తకంలో ఓ ఐదు ప్యాసేజీలు తీసుకుని ఇట్లాంటి నేరు ప్రశ్నలెన్నో, రచయిత ఉద్దేశం, వాదం, ఊహించదగిన విషయం అడిగేవెన్నో లెక్కపెట్టండి. క్యాట్, జీఆర్ఈలకు నేరు ప్రశ్నలు సగం దాటితే ఆ పుస్తకం వద్దు.

ఆన్సర్ కీ ఉంటే చాలదా? వివరణలు ఎందుకు?

మ్యాథ్స్‌లో కీ చూసి వెనక్కి లెక్క చేసుకోవచ్చు. ఆర్‌సీలో మీరు పెట్టింది మీకు రైటుగానే కనిపిస్తుంది, అందుకే పెట్టారు. అది ఎందుకు కాదో చెప్పేది వివరణే. మంచి వివరణ నాలుగు ఆప్షన్ల గురించీ మాట్లాడుతుంది, ఏ పేరాలో ఏ మాట దాన్ని కొట్టేసిందో చూపిస్తుంది. అధికారిక క్యాట్ పేపర్లతో కీ మాత్రమే వస్తుంది, వివరణలు బయట వెతుక్కోవాలి. ముందు మీ కారణం రాసుకున్నాకే వాటిని చూడండి.

టెలిగ్రాంలో పీడీఎఫ్‌లు కుప్పలు కుప్పలు వస్తున్నయ్. జిరాక్స్ తీయించుకుంటే సరిపోదా?

కాపీరైటు సంగతి అట్లుంచితే, సరుకులోనే తేడా ఉంటుంది. ఎక్కువగా జరిగేవి: ఒక ఎడిషన్ ప్రశ్నలకు ఇంకో ఎడిషన్ కీ జత కావడం, స్కానింగ్‌లో పేజీ చివరి రెండు లైన్లు పోవడం, ప్రశ్నలో "కానిది" అన్న మాట ముదురు అచ్చులో ఉండాల్సింది మామూలుగా పడటం. రైటు పెట్టిన జవాబును కీ తప్పంటే, అప్పటిదాకా సరిగ్గా ఆలోచిస్తున్నవాళ్లు కూడా తమ పద్ధతి మార్చుకుంటారు. అంతకంటే పెద్ద నష్టం కుప్పే. నలభై ఫైళ్లున్నవాళ్లు ప్రతిదాంట్లో మొదటి మూడు ప్యాసేజీలు చేసి వదిలేస్తారు.

చాట్‌జీపీటీతో ప్యాసేజీలు, ప్రశ్నలు రాయించుకుంటే?

సాధన ప్యాసేజీలకు వద్దంటాం. రాసింది నున్నగా ఉంటుంది, వాదం ఎక్కడా అడ్డం తిరగదు, ప్రతి పేరా ఒకే బరువుతో నడుస్తుంది. తప్పు ఆప్షన్లు చూడగానే తెలిసిపోతాయి, లేదా రెండు ఆప్షన్లు రైటవుతాయి. కీ కూడా అప్పుడప్పుడు తప్పుతుంది. దాన్ని వేరే పనికి వాడుకోండి: అసలు పేపర్ చేసి, మీ కారణాలు రాసుకుని, అర్థంకాని ఒక వాక్యాన్ని సులువుగా విడగొట్టి చెప్పమని అడగండి. అక్కడ బాగానే పనికొస్తుంది.

ఎల్‌శాట్, జీమ్యాట్, శాట్ ప్యాసేజీలు క్యాట్‌కు చేయొచ్చా?

ఎల్‌శాట్ (అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష) బాగా పనికొస్తుంది. 35 నిమిషాల సెక్షన్లో నాలుగు సెట్లు, సుమారు 27 ప్రశ్నలు. తప్పు ఆప్షన్ల నాణ్యతలో దానికి సాటి తక్కువ. దాని లాహబ్ సైట్లో ఖాతా తెరిస్తే కొన్ని అసలు పరీక్షలు ఉచితం. క్యాట్ కంటే ప్రశ్నలు ఎక్కువ కాబట్టి సాధన మొదలైన రెండు నెలల తర్వాత ఎత్తుకోండి, మొదట్లో చేస్తే నిరుత్సాహం వస్తుంది. జీమ్యాట్ (విదేశాల్లో ఎంబీఏకు రాసే పరీక్ష) అధికారిక ప్యాసేజీలు కొంచెం పొట్టి, వాదం పట్టుకోవడం నేర్పుతాయి. అమెరికాలో డిగ్రీకి రాసే శాట్ విషయంలో జాగ్రత్త: ఇప్పటి డిజిటల్ శాట్‌లో 25 నుంచి 150 పదాల ముక్క, దానికి ఒక్క ప్రశ్న. క్యాట్‌కు ఆ పొడవు పనికిరాదు. అంతకుముందు కాగితం మీద జరిగిన శాట్ ప్యాసేజీలు 500 నుంచి 750 పదాలు ఉండేవి, తొలి నెలకు అవి హాయిగా ఉంటాయి.

పైసలు పెట్టకుండ ఎంతదాకా నడుస్తది?

చాలా దూరం. క్యాట్ సైట్లో మాక్ (నమూనా పరీక్ష), క్లాట్ కన్సార్టియం సైట్లో పాత పేపర్లు, ఈటీఎస్ ఉచిత పరీక్షలు, ఇవన్నీ ఖర్చు లేనివే. ఇంగ్లిష్ దినపత్రికలకు హన్మకొండ ప్రాంతీయ గ్రంథాలయం ఉంది, మిగతా చోట్ల జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి. పోటీ పరీక్షల పుస్తకాలు కూడా అక్కడ తిరగేసి చూసి, నచ్చితేనే కొనుక్కోవచ్చు. డబ్బు పెట్టాల్సి వస్తే ముందు మాక్ సిరీస్ మీద పెట్టండి, పుస్తకం తర్వాత. సిరీస్ కూడా ఒక్కటే చాలు.

## సాధనలో

మొత్తం ఎన్ని ప్యాసేజీలు చేయాలె?

క్యాట్‌కు ఐదు నెలలుంటే రోజుకు రెండు, వారానికి ఐదు రోజులు, 20 వారాలు: 200. అందులో 80కి పైగా అసలు పేపర్లవే. 500 చేశామని చెప్పుకునేవాళ్లుంటారు. ఎన్నింటిని తిరిగి చూశారని అడగండి. ప్యాసేజీ చేయడానికి 8 నిమిషాలు పడితే దాన్ని విప్పి చూసుకోవడానికి 15 నిమిషాలు పట్టాలి. ఆ టైం లేకపోతే రోజుకు ఒక్కటే చేయండి.

అసలు పేపర్లు ముందే చేసెయ్యాల్నా, చివరికి దాచి పెట్టాల్నా?

రెండూ. మొదటి రోజే ఒక పేపర్ చేయండి, పరీక్ష రుచి తెలియాలి కాబట్టి. తర్వాత నెల రోజులు బయటి మెటీరియల్‌తో అలవాటు చేసుకోండి. రెండో నెల నుంచి పాత సంవత్సరాలతో మొదలుపెట్టి అసలు పేపర్లు వారానికి ఒకటి. చివరి రెండేళ్ల పేపర్లు, అంటే ఆరు స్లాట్లు, ముట్టుకోకుండా చివరి ఆరు వారాలకు ఉంచండి. అన్నీ మొదటి నెలలోనే ఊదేస్తే తర్వాత మీ స్థాయి కొలుచుకోవడానికి నమ్మకమైన తూకం ఉండదు.

టైం పెట్టుకుని చేయాల్నా?

మొదటి 20 ప్యాసేజీలు టైం చూసుకోండి గానీ ఆపొద్దు. ఎంత పట్టిందో రాసుకుంటే చాలు. తర్వాత క్యాట్‌కు లెక్క ఇది: నిమిషానికి 200 పదాలు చదివితే 500 పదాలకు రెండున్నర నిమిషాలు, నాలుగు ప్రశ్నలకు నాలుగున్నర, మొత్తం 7. నాలుగు ప్యాసేజీలకు 28 నిమిషాలు పోగా మిగతా 8 ప్రశ్నలకు 12 నిమిషాలు మిగులుతాయి. 9 నిమిషాలు పడుతోందంటే ఎక్కడ పోతోందో చూడండి. చాలామందికి చదవడంలో పోదు, రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాటలో పోతుంది. వేగంగా చదివే కోర్సులు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

తప్పుల నోట్‌బుక్కులో ఏం రాయాలె? నాది ఉత్త ప్రశ్న నంబర్ల లిస్టయింది.

నాలుగు గళ్లు చాలు: నేను పెట్టింది, ఎందుకు పెట్టాను, దాన్ని కొట్టేసే మాట ప్యాసేజీలో ఏది, తప్పు రకం. రకాలు కూడా ఐదే: ప్యాసేజీలో లేనిది, బిగించి చెప్పింది, తలకిందులైంది, సగం నిజం, వేరొకరి అభిప్రాయాన్ని రచయితకు అంటగట్టింది. ముప్పై తప్పులు నిండేసరికి ఒకటి రెండు రకాలే మళ్లీ మళ్లీ వస్తున్నట్టు కనిపిస్తుంది. "తొందరపడ్డాను", "సరిగ్గా చదవలేదు" అని రాయొద్దు, అవి కారణాలు కావు. ఊహించి రైటు కొట్టినవి కూడా ఇందులోకే రావాలి.

చేసిన ప్యాసేజీ మళ్ల చేస్తే జవాబులు గుర్తుంటయ్ గదా, ఏం లాభం?

ఆరు వారాల తర్వాత ఏ అక్షరం రైటో గుర్తుండొచ్చు, ఎందుకో గుర్తుండదు. అందుకని రెండోసారి జవాబు పెట్టకండి. మిగతా మూడు ఎందుకు తప్పో ఒక్కో వాక్యం రాయండి. అసలు పేపర్లతో మాత్రమే ఇట్లా చేయండి, బయటి పుస్తకాలకు ఇంత కష్టం దండగ.

ఫిలాసఫీ ప్యాసేజీ వస్తే తల తిరుగుతది. అవి వదిలేసి చేయొచ్చా?

పరీక్షలో వదలొచ్చు, సాధనలో వద్దు. నాలుగింట్లో ఒకటి వదిలే వెసులుబాటు క్యాట్‌లో ఉంది, రెండు అలాంటివే వస్తే లేదు. మెటీరియల్ ఎంచుకునేటప్పుడే సైన్సు, ఆర్థికం, చరిత్ర, తత్వం, కళలు అన్నీ ఉన్నాయో చూడండి. భయపడే విషయం మీద మూడు వారాలపాటు ప్రశ్నల్లేని వ్యాసాలు వారానికి మూడు చదవండి. చాలాసార్లు అడ్డంపడేది భావం కాదు, ఆ రంగంలో మళ్లీ మళ్లీ వచ్చే ఓ పాతిక మాటలు.

రెండు బుక్కుల్ల ఒక్క ప్రశ్నకు రెండు జవాబులున్నయ్. ఏది నమ్మాలె?

అసలు పరీక్ష ప్రశ్న అయితే అధికారిక తుది కీనే నమ్మాలి. మీకు నచ్చకపోయినా ఆ పరీక్ష ఎట్లా ఆలోచిస్తుందో అదే చెబుతుంది. బయటి ప్రశ్న అయితే ప్యాసేజీలో ఆధారం వెతకండి. పది నిమిషాల్లో దొరక్కపోతే ఆ ప్రశ్న కొట్టేసి ముందుకు పోండి.

బస్సులో ఫోన్ మీద చేస్తే లెక్కలోకి వస్తదా?

వ్యాసాలు చదవడానికి ఫోన్ బాగుంటుంది. సాధనకు కాదు, ప్యాసేజీ, ప్రశ్న ఒకే తెర మీద కనిపించవు. క్యాట్, ఐసెట్, జీఆర్ఈ కంప్యూటర్ మీద రాస్తారు, ప్యాసేజీ కింద పెన్నుతో గీత గీసుకోవడం కుదరదు. కనీసం సగం సాధన కంప్యూటర్ మీద చేయండి. ఇంట్లో లేకపోతే వారానికి రెండు పూటలు కాలేజీ ల్యాబ్‌లోనో నెట్ సెంటర్‌లోనో. క్లాట్ కాగితం మీదే కాబట్టి ఆ పిల్లలు అచ్చు పేపర్లతోనే చేయాలి.

## మాక్‌లు, చివరి వారాలు

మాక్‌ల ఆర్‌సీ మార్కులు ఒకసారి 30, ఇంకోసారి 12. నా స్థాయి ఏంది?

ఒక్క మాక్ చూసి ఏమీ చెప్పలేం. 16 ప్రశ్నల్లో మూడు అటూ ఇటూ అయితే 12 మార్కులు మారతాయి: మూడు రైట్ల 9 పోయి, మూడు తప్పుల కోత 3. వరుసగా ఐదు మాక్‌ల సగటు చూడండి. మాక్‌లో తక్కువ వచ్చి అసలు పేపర్లలో నిలకడగా వస్తుంటే లోపం మాక్‌ది కావొచ్చు, కొన్ని సిరీస్‌లు కష్టంగా ఉంటే గొప్ప అనుకుంటాయి. రెంటిలోనూ ఊగుతుంటే ఎన్ని ప్రశ్నలు ఊహించి పెడుతున్నారో లెక్కించండి.

పరీక్షకు నెల రోజులే ఉంది, ఇప్పటిదాకా ఏం చేయలె. ఏం కొనాలె?

ఏమీ కొనొద్దు. క్యాట్ అయితే 2021 నుంచి 2024 దాకా 12 స్లాట్లు, 48 ప్యాసేజీలు. రోజుకు రెండు చేస్తే 24 రోజులు. మిగిలిన రోజుల్లో తప్పుల నోట్‌బుక్, రెండు పూర్తి మాక్‌లు. క్లాట్‌కు 2020 తర్వాతి పేపర్లు మాత్రమే చూడండి, అంతకుముందు పరీక్ష తీరే వేరు.

చివరి వారం కొత్త మెటీరియల్ తెరవొచ్చా?

కొత్త పుస్తకం, కొత్త సిరీస్ వద్దు. రోజూ ఒక్క ప్యాసేజీ, అదీ ఇదివరకు చేసిన అసలు పేపర్లోది, మీ పరీక్ష ఏ పూటకు పడిందో ఆ పూటే చేయండి. మధ్యాహ్నం స్లాట్ వచ్చినవాళ్లు అన్నం తిన్నాక చదివే అలవాటు ఆ వారంలోనే చేసుకోవాలి. ముందురోజు నోట్‌బుక్‌లో "ఎందుకు పెట్టాను" గడి ఒక్కటే తిరగేసి మూసేయండి.